నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: భాగాలు మార్చుకుంటూ పోవడం మేలా, స్కానర్ పెట్టడం మేలా, ఆగిన చోటే పరీక్షించడం మేలా?

దారిలో ఆగిపోయిన కారు మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఏ జబ్బూ లేనట్టు స్టార్టవుతుంది. గంటసేపు బాగా నడిచిన బండి హైవే మీద ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంది, పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే మళ్ళీ అందుకుంటుంది, ఆ తరువాత వారం రోజులు ఏమీ జరగదు. పదిహేను, ఇరవై ఏళ్ళ వయసున్న పెట్రోల్ కార్లు నడిపేవారిలో చాలామందికి ఇది అనుభవంలో ఉన్న బాధే. పూర్తిగా చెడిపోయిన కారును బాగుచేయడం కన్నా, అప్పుడప్పుడు మాత్రమే చెడిపోయే కారులో లోపం పట్టుకోవడం చాలా కష్టం.

ఇలాంటి కారుకు మన ముందు మూడు దారులున్నాయి. అనుమానం ఉన్న భాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చడం మొదటిది, స్కానర్ తగిలించి కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల గుర్తులను, అంటే కోడ్లను, చదివించడం రెండవది, కారు ఆగిన క్షణంలో ఆగిన చోటనే చిన్న పరికరాలతో చూడడం మూడవది. నా 2005 మోడల్ ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ ఆజ్ఞతో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే రకం) కారు విషయంలో ఈ మూడింటినీ ఇదే వరుసలో ప్రయత్నించాను. ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి వస్తే మూడవదానితోనే మొదలుపెడతాను.

భాగాలు మార్చే పద్ధతి మన ఊళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో, ఏప్రిల్ ఎండలో, నకిరేకల్ దాటిన తరువాత నా కారు మొదటిసారి ఆగింది. మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టరు మార్చాడు, పది రోజులు బాగానే ఉంది. రెండవసారి ఆగినప్పుడు ట్యాంకులోని పంపు మార్చాడు, మూడు వారాలు గడిచాయి. మూడవసారి ఇగ్నిషన్ కాయిల్ మార్చాడు. దాదాపు 11,000 రూపాయలు ఖర్చయిన తరువాత కారు నాలుగవసారి కోదాడ దగ్గర ఆగింది. అతను నన్ను మోసం చేశాడని నేను అనుకోవడం లేదు. అతని ముందు ఉన్న కారు చక్కగా నడుస్తున్నప్పుడు, గత అనుభవంలో ఎక్కువసార్లు చెడినదేదో దానిని మార్చడం తప్ప అతనికి ఇంకో ఆధారం లేదు. కానీ ఈ పద్ధతిలో అసలు చిక్కు ఖర్చు కూడా కాదు. అప్పుడప్పుడు వచ్చే లోపం ఎలాగూ కొన్ని రోజులు కనిపించకుండా ఉంటుంది కాబట్టి, ఏ భాగం మార్చినా అదే పనిచేసినట్టు అనిపిస్తుంది. పంపు మార్చాక మూడు వారాలు బాగా నడవడం పంపే దోషి అనడానికి రుజువు కాదని నాకు నాలుగవసారి ఆగాక కానీ తోచలేదు. పైగా పాత కారుకు దొరికే విడిభాగాల్లో నకిలీలు కూడా ఉంటాయి కనుక, బాగున్న అసలు భాగాన్ని తీసేసి, త్వరగా చెడిపోయే కొత్తదాన్ని బిగించుకునే ప్రమాదం కూడా ఇందులో ఉంది.

స్కానర్ సంగతికి వస్తే, దాని మీద ఉన్న నమ్మకం పాత కార్ల విషయంలో కొంత తగ్గించుకోవాలి. మన దేశంలో వాహనాల పొగకు సంబంధించిన బీఎస్-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా 13 నగరాల్లో మొదలైనప్పుడు, కారే తన లోపాలను గమనించి నమోదు చేసుకునే ఓబీడీ ఏర్పాటు మొదటి దశ వచ్చింది, రెండవ దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు తయారైన చాలా కార్లలో స్కానర్ సాకెట్ ఉన్నా, లోపలి కంప్యూటర్ ఆ కంపెనీ సొంత భాషలో మాట్లాడుతుంది. అందుకే ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే ఫోన్‌లో ఏమీ కనిపించదు, ఆ కంపెనీ కార్ల కోసం తయారైన స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్ళాలి.

కనెక్షన్ కుదిరినా ఇంకో ఇబ్బంది ఉంది. కంప్యూటర్ ఒక సెన్సార్ తప్పుగా పనిచేస్తోందని నిర్ణయించుకోవడానికి కొంత సమయం, కొన్ని షరతులు కావాలి. లోపలి తీగ వేడికి తెగి చల్లారగానే అతుక్కునే సెన్సార్ వల్ల ఇంజను ఒక్కసారిగా ఆగిపోతే, కంప్యూటర్‌కు అది తాళం తీసి ఇంజను ఆపినట్టే కనిపించవచ్చు, కోడ్ నమోదు కాకపోవచ్చు. నా కారుకు స్కానర్ పెట్టినప్పుడు ఒక్క కోడ్ కూడా రాలేదు. కోడ్ లేకపోవడాన్ని లోపం లేకపోవడంగా తీసుకుంటే అక్కడే దారి తప్పుతాం.

అయితే స్కానర్‌కు రెండవ ముఖం ఉంది, దానిని చాలామంది వాడరు. కోడ్లు చదవడం కాకుండా, కారు నడుస్తున్నప్పుడే సెన్సార్ల రీడింగులను రికార్డు చేయనిస్తే అది మూడవ పద్ధతికి బలమైన తోడవుతుంది. పక్కసీటులో ఒకరు కూర్చుని రికార్డు చేస్తూ ఉంటే, ఇంజను ఆగిన క్షణంలో ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) క్రమంగా తగ్గిందా, 2,500 నుంచి ఒక్కసారిగా సున్నాకు పడిందా అన్నది తెలుస్తుంది. కారు అప్పటికీ వేగంగా దొర్లుతూ, క్లచ్ నొక్కకుండా, గేర్‌లోనే ఉంటే చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. అలాంటప్పుడు కూడా ఆర్‌పీఎం సున్నా చూపించిందంటే, ఇంజను తిరుగుతున్నా కంప్యూటర్‌కు ఆ సంగతి అందడం లేదన్నమాట. 2010 తరువాతి కారు అయితే, తోడుగా ఒకరు వస్తే, ఈ రకంగా స్కానర్ వాడడం చాలా మంచి ఎంపిక.

మూడవ పద్ధతికి కావలసినవి వైరులో కరెంటు ఉందో లేదో చూపే ఒక టెస్ట్ ల్యాంపు, ఒక పాత స్పార్క్ ప్లగ్గు, దానిని ఇంజను లోహానికి పట్టించడానికి క్లిప్పున్న వైరు, ఒక నీళ్ళ సీసా, పాత గుడ్డ. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. వీటన్నిటికన్నా ముఖ్యం కారు ఆగిన వెంటనే చూడడం, ఎందుకంటే లోపం కనిపించేది ఇంజను చల్లారేలోపు ఉండే ఆ పది పదిహేను నిమిషాలే.

ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి. ఇంజను ఆగగానే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది. అందువల్ల బ్రేకును పదేపదే పంపు చేయకుండా ఒక్కసారి గట్టిగా, నిదానంగా నొక్కి పట్టుకుని, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎడమవైపు అంచుకు తేవాలి. కారు దొర్లుతున్నంతసేపు తాళం చెవిని వెనక్కి లాక్ స్థానంలోకి తిప్పకూడదు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. లారీలు దూసుకుపోయే ఇరుకు చోట ఆగితే పరీక్షల ఆలోచన మానుకుని అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి.

సురక్షితమైన చోట ఆగితే మొదట డ్యాష్‌బోర్డు చూడాలి. తాళం ఆన్‌లోనే ఉన్నా ఒక్క దీపమూ వెలగకపోతే బ్యాటరీ టెర్మినల్ వదులైంది, లేదా ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయి. తాళం గుత్తిని కదిపినప్పుడు దీపాలు మినుకుమంటే స్విచ్చే. బ్యాటరీ, ఆయిల్ దీపాలు వెలిగి, ఇంజను బొమ్మ ఉన్న దీపం మాత్రం వెలగకపోతే కంప్యూటర్‌కు కరెంటు అందడం లేదు. అప్పుడు కంప్యూటర్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి మెయిన్ రిలే, దాని ఫ్యూజు, బాడీ ఎర్త్ వైరు చూడాలి. పాత రిలేల లోపల సోల్డర్ చిట్లి, వేడెక్కినప్పుడు విడిపోవడం చాలా కార్లలో కనిపించే జబ్బు. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజనును స్టార్ట్ కానివ్వని దొంగతన నిరోధక ఏర్పాటు) ఉన్న కార్లలో తాళం గుర్తు ఉన్న దీపం టపటపా కొట్టుకుంటుంటే ఆ వైపు చూడాలి.

ఇంజను దీపం వెలిగితే, ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసి వెనక సీటు కింద చెవి పెట్టాలి. పంపు రెండు మూడు సెకండ్లపాటు సన్నగా జుయ్యిమని మోగి ఆగాలి. ఆ తరువాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, పాత ప్లగ్గును ప్లగ్గు వైరుకు తగిలించి క్లిప్పుతో ఇంజను లోహానికి పట్టించి నిప్పురవ్వ వస్తోందా చూడాలి. చేత్తో పట్టుకోకూడదు, పెట్రోల్ వాసన వస్తున్నచోట ఈ పని అసలు చేయకూడదు. కాయిల్ నేరుగా ప్లగ్గు మీద కూర్చునే కార్లలో ఈ పరీక్ష కొంచెం చిక్కు. ఇక్కడ దొరికే జవాబులను కలిపి చదవాలి. రవ్వ బాగా వస్తూ పంపు మోగకపోతే పంపు, దాని రిలే, వైరు. రవ్వ వస్తూ పంపు మోగుతుంటే పంపు బలహీనపడి ఉండవచ్చు, ఫిల్టరు పూడుకుని ఉండవచ్చు, అది ప్రెషర్ గేజ్ పెట్టే తెలుసుకోవాలి. చాలా ఎంపీఎఫ్ఐ కార్లలో పెట్రోల్ దాదాపు 3 బార్ ఒత్తిడిలో ఉంటుంది, కాబట్టి వేడి ఇంజను పక్కన రోడ్డు మీద ఆ పైపు విప్పడం నిప్పుతో చెలగాటమే, ఆ పని షెడ్డులోనే చేయించాలి. ఇక తాళం తిప్పగానే పంపు రెండు సెకండ్లు మోగి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం మోగకుండా, రవ్వ కూడా రాకపోతే, రెండు వేర్వేరు వ్యవస్థలు ఒకేసారి చెడాయని అనుకోనక్కరలేదు. ఇంజను తిరుగుతోందని క్రాంక్ సెన్సార్ చెబితేనే కంప్యూటర్ ఆ రెండింటికీ ఆజ్ఞ ఇస్తుంది. ఆర్‌పీఎం మీటరు ఉన్న కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు కొంచెమైనా లేవకపోవడం ఇదే మాటను బలపరుస్తుంది.

కారు ఆగిన తీరు కూడా సాక్ష్యమే. పెట్రోల్ అందకపోతే ఇంజను సాధారణంగా ముందు తడబడుతుంది, పికప్ పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా గుంజుతుంది, ఆ తరువాతే ఆగుతుంది. కరెంటు పోతే స్విచ్ తీసినట్టు ఒక్క దెబ్బకు ఆగుతుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి నిలబడినప్పుడే ఆగుతూ, వేగంలో ఎప్పుడూ ఆగకపోతే ఇంజనుకు గాలి వెళ్ళే థ్రాటిల్ బాడీలో మసి పేరుకోవడమో, యాక్సిలరేటర్ నొక్కనప్పుడు గాలి అందించే ఐడిల్ వాల్వు ఇరుక్కోవడమో కారణం కావచ్చు, అది శుభ్రం చేయిస్తే సరిపోయే పని. ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంకు మూత తిప్పినప్పుడు గాలి గట్టిగా లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తరువాత బండి స్టార్టయితే ట్యాంకు గాలిదారి మూసుకుపోయింది. గ్యాస్ కిట్ ఉన్న కారు అయితే అదృష్టమే. పెట్రోల్ మీద ఆగి గ్యాస్ మీద ఆగకపోతే లోపం పెట్రోల్ వైపు ఉన్నట్టు, రెండింటి మీదా ఆగితే కరెంటు వైపు ఉన్నట్టు, పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

కోదాడ దగ్గర నా కారు ఆగినప్పుడు పంపు మోగింది, సెల్ఫ్ కొడుతుంటే మాత్రం మూగబోయింది, ప్లగ్గు దగ్గర చీకటి. పాత గుడ్డ తడిపి క్రాంక్ సెన్సార్ మీద కప్పి, దాని మీద కొద్దికొద్దిగా నీళ్ళు పోశాను. మామూలుగా ఇరవై నిమిషాలు పట్టేది, ఆ రోజు నాలుగు నిమిషాలకే ఇంజను అందుకుంది. పాత ప్రీమియర్ పద్మినీల పెట్రోల్ పంపు మీద ఎండాకాలంలో తడిగుడ్డ చుట్టడం మా పెద్దల కాలంలో మామూలు పని. అక్కడ పంపులో ఆవిరి కట్టిన పెట్రోల్‌ను చల్లార్చడం ఉద్దేశం, ఇక్కడ సెన్సార్ లోపల తెగిన తీగను చల్లార్చడం. కార్బ్యురేటర్ కార్లలో అయితే ఇప్పటికీ ఆవిరి అడ్డునే ముందు అనుమానించాలి.

ఇంత చెప్పిన తరువాత కూడా భాగాలు మార్చే పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేను. కాలం తీరిన ఫిల్టరు, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు ఎలాగూ మార్చవలసినవే, వాటిని ముందే మార్చడం దండగ కాదు. అదే రకం కారు ఉన్న స్నేహితుడి దగ్గర రిలే తెచ్చి నెల రోజులు పెట్టి చూడడం కూడా మంచిదే. అలాగే ఒంటరిగా రాత్రిపూట ప్రయాణించేవారికి, చిన్నపిల్లలతో వెళ్ళేవారికి ఆగిన చోట పరీక్ష తగదు. వారు ఏ సమయంలో, ఎన్ని కిలోమీటర్ల తరువాత, ఎంత పెట్రోల్ ఉండగా, ఏ దీపాలు వెలుగుతుండగా ఆగిందో ఫోన్‌లో రాసుకుని, వీలైతే డ్యాష్‌బోర్డు వీడియో తీసి మెకానిక్‌కు చూపితే, అతని ఊహకు ఆధారం దొరుకుతుంది. పాత డీజిల్ కార్లలో రవ్వ పరీక్ష ఉండదు, కామన్ రైల్ రకమైతే (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేది) ఆ రైల్ ఒత్తిడిని స్కానర్‌లోనే చూడాలి కనుక అక్కడ స్కానర్‌కే మొదటి స్థానం ఇస్తాను.

ఇంటికి వచ్చాక సెన్సార్ విప్పి బల్ల మీద పెట్టి మల్టీమీటర్ తగిలించాను. నా కారులోది అయస్కాంతం, తీగచుట్ట ఉన్న రకం కాబట్టి ఈ పరీక్ష కుదిరింది, లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండే హాల్ రకం సెన్సార్‌ను ఓంలతో కొలవడానికి వీల్లేదు. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల ఓంలు నిలకడగా చూపించింది, ఏ షెడ్డులో కొలిచినా బాగుందనే చెప్పేవారు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టడం మొదలుపెట్టాక అంకె మెల్లగా పెరుగుతూ పోయింది, ఆరేడు నిమిషాలకు ఒక్కసారిగా మాయమై మీటరు తెగిన తీగను చూపించింది. డ్రయ్యర్ ఆపి ఫ్యాను కింద పెట్టి కూర్చున్నాను. కాసేపటికి అంకె తిరిగి వచ్చింది.