జబ్బు సెలవులో బొమ్మల పని: ఈఎస్ఐ డబ్బు మేలా, ఆర్డరు మేలా?

తాడిపత్రిలో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న మా చిన్నాన్న కొడుకుకు క్షయ అని తేలినప్పుడు, ఇంట్లో అందరికంటే ముందు లెక్కలు వేసుకున్నది అతనే. నిమ్మలకుంటలో తోలుబొమ్మల పని నేర్చుకున్న ఆ పిల్లవాడు సెలవు రోజుల్లో మేకతోలుతో ల్యాంపు షేడ్లు చేసి అమ్మేవాడు. మందులు మొదలుపెట్టి నెల తిరగకుండానే ఒక బెంగళూరు వ్యాపారి ఆరు షేడ్లు కావాలని కబురు పెట్టాడు. "అన్నా, నేను ఫ్యాక్టరీకి పోవడం లేదు కదా, ఇంట్లో కూర్చుని చేసేదే కదా, ఒప్పుకుంటే తప్పేముంది?" అని అతను అడిగిన ప్రశ్న, కొన్నేళ్లపాటు ఒక కర్మాగారం ఆఫీసులో ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) కాగితాలు చూసిన నాకు కొత్తది కాదు.

ముందు ఈఎస్ఐ ఇచ్చే డబ్బు ఏమిటో చూడాలి. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉన్న కార్మికుడికి డాక్టరు జబ్బు సర్టిఫికెట్ ఇస్తే, మొదటి రెండు రోజులు వదిలేసి, సగటు రోజు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు నగదు వస్తుంది. క్షయ వంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు, రెండేళ్ల ఎడతెగని ఉద్యోగమూ నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజుల చందా ఉన్నవారికి, ఆ 91 రోజులు అయిపోయాక 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా కూడా పొడిగించే వీలుంది. అయితే 1948 నాటి ఈఎస్ఐ చట్టం నుంచి వస్తున్న ఒక నియమాన్ని చాలామంది చదవరు. పనిచేసిన రోజుకు జబ్బు నగదు రాదు. ఆ పని ఫ్యాక్టరీలోనే చేసినదై ఉండాలని అక్కడ రాసి లేదు. దానితోపాటు, కోలుకోవడాన్ని ఆలస్యం చేసే ఏ పనీ చికిత్స కాలంలో చేయకూడదన్న షరతు కూడా ఉంది.

బ్రిటన్‌లో జబ్బు మీద ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్ తీసుకునేవారు, ముందుగా తెలియజేసి, వారానికి 16 గంటలకు లోపు, నిర్ణయించిన ఆదాయ పరిమితి దాటకుండా, సొంత పని చేసుకోవచ్చు. దాన్ని అక్కడ అనుమతించిన పని అంటారు. మన ఈఎస్ఐ జబ్బు నగదులో అలాంటి కిటికీ లేదు. ఉంటే బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను, ఎందుకంటే నెలల తరబడి మంచం పట్టిన మనిషికి చేతిలో పని ఉండటం కూడా ఒక మందే. కానీ లేని వెసులుబాటును ఉన్నట్టు భావించి ఆర్డరు ఒప్పుకుంటే నష్టపోయేది మనమే.

ఇక లెక్కకు వద్దాం. అతని సగటు రోజు కూలి 500 రూపాయలు. 70 శాతమంటే రోజుకు 350. ఆరు షేడ్లకు ఒక్కోటి 1,500 చొప్పున 9,000 వస్తుంది, తోలుకూ రంగులకూ 2,400 పోతుంది, మిగిలే 6,600 కోసం 20 రోజులు కూర్చోవాలి. అదే 20 రోజులకు ఈఎస్ఐ డబ్బు 7,000. అంటే నిజాయితీగా ఆ రోజులకు నగదు వదులుకుని పనిచేస్తే చేతిలోంచి 400 పోతుంది, పైగా ఒళ్లు హూనమవుతుంది. పొడిగింపు మొదలై రోజుకు 400 వస్తే తేడా ఇంకా పెరుగుతుంది. నగదు తీసుకుంటున్న కాలంలో యజమాని ఉద్యోగం నుంచి తీసేయకూడదన్న రక్షణను కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి. పోనీ ఆర్డరు కోసం నగదు మానుకుందామని, పనికి తగినవాడినని డాక్టరుతో రాయించుకున్న మరుక్షణం ఫ్యాక్టరీ నుంచి పిలుపు వస్తుంది, అప్పుడు షేడ్లూ ఉండవు, విశ్రాంతీ ఉండదు.

రెండూ తీసుకుని ఎవరికీ చెప్పకుండా ఉండటమనే దారిని కొందరు తెలివిగా భావిస్తారు. వ్యాపారి ఫోన్‌పేలో వేసిన డబ్బు బ్యాంకు పుస్తకంలో తేదీతో సహా ఉంటుంది, షేడు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. అక్రమంగా తీసుకున్న నగదును తిరిగి కట్టించుకునే అధికారం, అబద్ధపు ప్రకటనకు శిక్ష వేసే వీలు చట్టంలోనే ఉన్నాయి. అయినా నాకు బాధ కలిగించేది శిక్ష కాదు. ఆ నిధి అతనిలాంటి కూలీల జీతంలోంచి 0.75 శాతం, యజమానుల నుంచి 3.25 శాతం చొప్పున పోగైన సొమ్ము.

అయితే అన్ని రకాల సాయాన్నీ ఒకే గాటన కట్టకూడదు, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పని ప్రమాదం వల్లగాని, వృత్తి జబ్బు వల్లగాని శాశ్వత అంగవైకల్యం కలిగితే, సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో మెడికల్ బోర్డు తేల్చి, దాన్నిబట్టి జీవితాంతం ఇచ్చే ఈఎస్ఐ సొమ్ము మనిషి వేరే పని చేసుకున్నా ఆగదు. బండల దుమ్ములో పనిచేసేవారికి వచ్చే సిలికోసిస్ వృత్తి జబ్బుల పట్టికలో ఉంది. దాన్ని క్షయగా పొరబడే అవకాశం ఉంది, రెండూ కలిసి కూడా రావచ్చు. అందుకే పాలిష్ ఫ్యాక్టరీ కార్మికుడు తాను ఏ రాయి మీద, ఎన్నేళ్లు పనిచేశాడో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 40 శాతం పైబడిన వైకల్యానికి ఇచ్చే నెలకు 6,000 రూపాయల పింఛను ఇంకో తీరుది: అక్కడ అడ్డు పని కాదు, ఆదాయం. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉన్న చిత్రకారుడు ఆ హద్దులో బొమ్మలు వేసి అమ్ముకోవచ్చు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నగదు వస్తున్నంత కాలం డబ్బు పుచ్చుకునే ఆర్డరు వద్దు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండక, 91 రోజులతోనే నగదు ఆగిపోయిన కార్మికుడి విషయం వేరు. అతనికి వదులుకోవడానికి నగదే ఉండదు, డాక్టరు ఒప్పుకున్నంత మేరకు చిన్న ఆర్డరు అతనికి ఆసరా అవుతుంది. మరి అమ్మకం కోసం కాకుండా, చేయి మొద్దుబారకుండా గీసుకోవడం మాటేమిటి? అది డాక్టరుకు చెప్పి చేయవలసిన పని.

మా తమ్ముడు డాక్టరుకు ఆ మాట చెప్పాడు. డాక్టరు తోలు పనిని విడదీసి అడిగింది: వెంట్రుకలు గీకడం, ఆరిన తోలును రుద్దడం, ఉలితో చిల్లులు కొట్టడం, గీత గీయడం. ముందు మూడూ వద్దంది. వంగి కూర్చోకుండా కాగితం మీద గీసుకోవడానికి పూటకు గంట ఒప్పుకుని, చీటీలో రాసింది. వ్యాపారికి మందుల కోర్సు పూర్తయ్యాక చేస్తానని అతను ఫోనులో చెబితే, ఆయన రెండు షేడ్లకు మాత్రం ఆగుతానన్నాడు, నాలుగు వేరేవాళ్లకు పోయాయి. ఇప్పుడు మంచం పక్కన గోడకు చార్టు కాగితాల మీద జటాయువు రెక్కలు వరసగా అంటించి ఉన్నాయి. మొదటి వారం గీత వణికింది, నాలుగో వారం రెక్క చివర ఈకలు ఒక్కొక్కటి విడిగా కనిపిస్తున్నాయి.