రెండు టీబీల పోర్టబుల్ హార్డ్ డిస్క్: డిస్కు బాగానే ఉంది, నోరు పడిపోయింది

2020 చివర్లో కొన్న ఈ డిస్కు ఇవాళ్టికీ పనిచేస్తోంది. లోపల పళ్లెం తిరుగుతుంది, చదువుతుంది, రాస్తుంది, ఒక్క బ్యాడ్ సెక్టారు కూడా లేదు. అయినా దీని మీద నా కోపం చల్లారలేదు. ఆ కోపమంతా పక్కన వేలెడైనా లేని పోర్టు మీద. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే జేబులో పట్టే హార్డ్ డిస్కులు చాలావాటిలో ఇదే ఏర్పాటు. కెపాసిటీ, రంగులు, బరువు డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

నా పనేమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఇదంతా గోరంతను కొండంత చేసినట్టు ఉంటుంది. చెన్నై సాలిగ్రామంలో ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. పని ఇచ్చేది నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట స్టూడియోల వాళ్లు. మూడు కెమెరాలు, ఒక డ్రోను పెట్టిన పెళ్లికి ఐదారు వందల జీబీ సులువుగా అవుతుంది. అంత ఫుటేజీ నెట్‌లో ఎక్కించే లోపల, నెల్లూరు నుంచి వచ్చే కుర్రాడి చేతికి డిస్కు ఇచ్చి రైలెక్కిస్తే పని అయిపోతుంది. అందుకే నా డిస్కులు ఒకచోట కుదురుగా ఉండవు. రోజుకు నాలుగైదు సార్లయినా కేబుల్ పెట్టడం, పీకడం.

కొన్న కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. ఆన్‌లైన్‌లో ఐదు స్టార్లు కూడా ఇచ్చాను. ముఖ్య కారణం, దీనికి వేరే అడాప్టర్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు మా వీధిలో నీళ్లు నిలిచి కరెంటు పోయినప్పుడు, ల్యాప్‌టాప్‌లో మిగిలిన చార్జింగ్‌తోనే ఒక రిసెప్షన్ వీడియో ముగించి దీంట్లోకి ఎక్కించాను. టేబుల్ మీది పెద్ద డిస్కుకు 12 వోల్టుల అడాప్టర్ కావాలి, అది ఆ రోజుల్లో ఎందుకూ పనికిరాలేదు. ఆ మెప్పును ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పటికింకా పోర్టు గట్టిగా ఉంది.

స్పీడు గురించి అప్పట్లో రాసినదాన్ని మాత్రం కాస్త సవరించుకోవాలి. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు సెకనుకు 120, 130 ఎంబీ వచ్చిన మాట నిజం. నిండేకొద్దీ రాసేది పళ్లెం లోపలి అంచుకు చేరి, వేగం దాదాపు సగానికి పడుతుంది. పైగా ఈ చిన్న డిస్కుల్లో ఎక్కువ భాగం ఎస్‌ఎంఆర్ రకం. అంటే డేటా గీతల్ని ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా రాస్తాయి. పాత ఫైళ్లు చెరిపి, ఆ చోటే మళ్లీ వందల జీబీ రాయబోతే మధ్యలో నత్తనడక మొదలవుతుంది. రాత్రి కాపీ పెట్టి పడుకునేవాడికి ఇదేమంత బాధ కాదు.

ఇక పోర్టు. యూఎస్‌బీ 3.0 వచ్చినప్పుడు పాత మైక్రో పోర్టు పక్కనే మరో ఐదు పిన్నులు చేర్చి, రెండు గదులున్నట్టు వెడల్పుగా చేశారు. ఫోన్లన్నీ టైప్-సీకి మారిపోయినా, ఈ డిస్కులు మాత్రం చాలా ఏళ్లు దీన్నే పట్టుకు వేలాడాయి. హార్డ్ డిస్కు వేగానికి ఇది చాలు, పైగా చవక. కాగితం మీద మైక్రో పోర్టును 10,000 సార్లు పెట్టి తీయొచ్చు. నా లెక్కన ఐదేళ్లకు పైనే రావాలి. కానీ ఆ లెక్క నేరుగా పెట్టి నేరుగా తీసినప్పటిది. ఇంట్లో జరిగేది వేరు. కేబుల్ జానెడు ఉంటుంది, ల్యాప్‌టాప్ కాస్త కదిలితే డిస్కు కూడా జరుగుతుంది, ప్లగ్గు పలచగా వెడల్పుగా ఉండటంతో ఆ లాగుడంతా పక్కల మీద పడుతుంది. బోర్డు మీద పోర్టును పట్టుకుని ఉండేవి చిన్న చిన్న సోల్డర్ చుక్కలు. వాటికెంత ఓపిక ఉంటుంది?

2024 మాఘమాసం, పెళ్లిళ్ల హడావిడి. గూడూరు పెళ్లి ఒకటి చేస్తున్నాను. రా ఫుటేజీకి స్టూడియోలో ఇంకో కాపీ ఉంది. కానీ ఆ రోజు పొద్దుటి నుంచి నేను కూర్చుని చేసిన కటింగ్, కలర్ అంతా దీంట్లోనే ఉంది, ఆ రాత్రికి రెండో డిస్కుకు ఎక్కాల్సింది. సాయంత్రం టైమ్‌లైన్ మీద క్లిప్పులన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. డిస్కు లోంచి టిక్ మని చప్పుడు, మళ్లీ తిరగడం మొదలు, మళ్లీ టిక్. కేబుల్ మార్చాను. ఇంకో కేబుల్ మార్చాను. ప్లగ్గును వేలితో కొంచెం పైకి ఎత్తి పడితే కనబడుతుంది, వేలు తీస్తే మాయం.

ఆ టిక్ ఏమిటంటే, కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు డిస్కు ఇంకా తిరుగుతున్న పళ్లెం ఊపుతోనే కాస్త కరెంటు పుట్టించుకుని, చదివే ముల్లును పక్కనున్న గట్టు మీదికి లాగేసుకుంటుంది. ముల్లు పళ్లెం మీద పడి గీరకుండా చేసుకున్న ఏర్పాటు. మంచిదే, కానీ అడ్డదిడ్డంగా పదేపదే జరిగితే డిస్కుకు చేటు. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో సీ0 అనే వరసలో ఈ లెక్క ఉంటుంది. ఒక్క సాయంత్రంలో ఆ అంకె ఎగబాకడం చూశాక భయం వేసి డిస్కును పక్కన పెట్టేశాను. ఇంకో టెన్షన్, అది ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసింది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ రాసుకోవడానికి వీలుంటుందని స్టూడియోల వాళ్లంతా అదే వాడతారు. కానీ విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లా దానికి జర్నల్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా, ఉండదు, రాస్తుండగా కనెక్షన్ తెగితే ఫోల్డర్ల పట్టికే చెడిపోవచ్చు.

అప్పటికీ నాకు ధైర్యంగానే ఉంది. ల్యాప్‌టాప్ పాడైతే లోపలి డిస్కు తీసి కేసులో వేసుకోవడం అందరికీ తెలిసిన పనే. వారంటీ ఎలాగూ అయిపోయింది, విప్పితే పోయేదేమీ లేదు. ప్లాస్టిక్ డొప్పల మధ్య పాత ఏటీఎం కార్డు దూర్చి నెమ్మదిగా విప్పాను. లోపల డిస్కు ఉంది. మామూలుగా డిస్కును కంప్యూటరుకు గానీ కేసుకు గానీ కలిపే సాటా పిన్నులు లేవు. యూఎస్‌బీ పోర్టు డిస్కు సొంత బోర్డు మీదే అంటించి ఉంది.

ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా ఉండదు. సాటాను యూఎస్‌బీగా మార్చే మధ్య బోర్డు తీసేస్తే ఖర్చు కలిసొస్తుంది, డబ్బా పొట్టిదవుతుంది. కొన్నవాడికి మిగిలేది ఏమిటంటే, పోర్టు పోతే డిస్కు మొత్తం పోయినట్టే. అలాంటిదే ఇంకో డిస్కు కొని బోర్డు మార్చేద్దామన్నా కుదరదు. ఒక్కో డిస్కుకు ఫ్యాక్టరీలో సరిచేసిన కొలతలు ఆ బోర్డు మీది చిన్న చిప్పులో ఉంటాయి, దాన్ని కూడా ఊడదీసి కొత్త బోర్డుకు అంటించాలి. సాటా ఉన్నవాటిలోనూ కొన్నింటితో ఇంకో తిరకాసు. మధ్య బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే, డిస్కు విడిగా తీసి చూస్తే అర్థంలేని చెత్తే కనబడుతుంది.

సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, వారంటీ ఉంటే కొత్త డిస్కు ఇచ్చేవాళ్లమనీ, డేటాతో తమకు సంబంధం లేదనీ మర్యాదగానే చెప్పారు. డేటా రికవరీ వాళ్లు అడిగిన రేటుకు ఇలాంటి డిస్కులు ఇంకో రెండు వస్తాయి. మర్నాడు పొద్దున్నే గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి, ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కు నడిచాను.

రిచీ స్ట్రీట్ అంటే ఒక్క వీధి కాదు, నరసింగపురం వీధితో కలిసి చిన్న చిన్న సందుల గుంపు. కొత్త సరుకు అమ్మే షాపుల్లో అడిగితే అందరూ కొత్తది కొనుక్కోమనే అన్నారు. చివరికి మేడ మీద ఫోన్ బోర్డులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. ఆయన డిస్కును చేత్తో తిప్పి చూసి అడిగిన మొదటి మాట, "తంబీ, లోపలి మూత విప్పలేదు కదా?" విప్పలేదన్నాను. స్క్రూలున్న ఆ లోహపు మూత తీస్తే దుమ్ము పడుతుంది, ఇక బాగుచేయడం చాలా కష్టం. మైక్రోస్కోప్ కింద పెట్టి నన్నూ చూడమన్నారు. పోర్టు ఒక పక్క లేచిపోయి ఉంది, రెండు చుక్కల చుట్టూ సన్నని నల్లటి గీత. అదే పగులు.

పాత పోర్టును వేడిగాలితో తీసి, తన డబ్బాలోంచి ఇంకోటి వెతికి అంటించారు. ల్యాప్‌టాప్‌కు పెట్టగానే డిస్కు కనబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాపీ మొదలుపెడితే సెకనుకు 35 ఎంబీ దాటడం లేదు. అది చాలు, ఇచ్చేయండి అన్నాను. ఆయన ఇవ్వలేదు. కొత్తగా చేరిన ఐదు పిన్నుల్లో ఏదో సరిగా అతకలేదనీ, అందుకే పాత యూఎస్‌బీ 2.0 లాగా నడుస్తోందనీ చెప్పి మళ్లీ కిందికి వంగారు. రెండోసారి 110 వచ్చింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి, గూడూరు పెళ్లి కూడా ఉంది. తీసుకున్నది నాలుగైదు వందలకు మించలేదు. ఎక్కువ ఇవ్వబోతే, "ఇంటికెళ్లి ముందు కాపీ చేసుకో తంబీ, అప్పుడు థ్యాంక్స్ చెప్పు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. కేబుల్‌ను డిస్కు వైపు ఎప్పుడూ పీకొద్దు, డిస్కుకే వదిలేసి ల్యాప్‌టాప్ వైపు మాత్రమే తీయి అని. ఇంత చిన్న మాట డబ్బాలో వచ్చే కాగితం మీద ఎందుకు అచ్చువేయరో నాకు అర్థం కాదు.

ఆ తర్వాత నేను స్టోరేజీ కొనే తీరు మారింది. హార్డ్ డిస్కా, పళ్లెం లేకుండా చిప్పుల్లోనే దాచే ఎస్‌ఎస్‌డీనా అన్నది ఇప్పుడు నాకు రెండో ప్రశ్న. పోర్టు పోతే లోపలిది విడిగా బయటికి వస్తుందా అన్నది మొదటిది. రోజువారీ ఎడిటింగ్‌కు ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే విడిగా ఊడివచ్చే పలచటి బద్దలాంటిది, ఒకటి కొని, 10 జీబీపీఎస్ కేసులో వేసుకున్నాను. సెకనుకు వెయ్యి ఎంబీ దాకా వస్తుంది. కేసు పోర్టు వదులైతే కేసు పారేసి ఇంకోటి కొనుక్కుంటాను, డేటా ఎస్‌ఎస్‌డీలో భద్రంగా ఉంటుంది. అయితే చెన్నై ఎండాకాలంలో ఏసీ వేయకుండా పెద్ద కాపీ పెడితే కేసు చెయ్యి కాలేంత వేడెక్కి, వేగం తనంతట తనే తగ్గించుకుంటుంది. అల్యూమినియం కేసు తీసుకోండి, ప్లాస్టిక్‌ది వద్దు.

రెడీమేడ్ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కింద పడినా తట్టుకుంటాయి. కానీ కొన్నింట్లో మామూలు ఎం.2 ఉంటుంది, కొన్నింట్లో చిప్పులు నేరుగా బోర్డుకే అతికించి ఉంటాయి. ఈ రెండో రకంతో మళ్లీ పాత కథే.

ఇచ్చేసిన పెళ్లిళ్లు దాచడానికి మాత్రం 3.5 అంగుళాల మామూలు డిస్కులు, నిలబెట్టి గుచ్చే ఒక డాక్. డాక్ పాడైతే డాకే మారుతుంది. పని లేక పెట్టెలో పడుండే డేటాకు ఎస్‌ఎస్‌డీ మీద నాకు నమ్మకం తక్కువ. చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ, రాయగలిగినంతా రాసి అరిగిపోయాక కూడా, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు డేటాను నిలబెట్టుకోవాలి. కొత్తదైతే అంతకంటే చాలా ఎక్కువే నిలబెట్టుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో మా అటక మీద 30 డిగ్రీలు ఎక్కడివి? పెన్ డ్రైవ్‌లు పెళ్లివారికి వీడియో ఇవ్వడానికి తప్ప ఇంకెందుకూ వాడను.

ఇంతకీ ఈ డిస్కు కొనొచ్చా అంటే, నాలాగా రోజూ పెట్టి పీకేవాళ్లకు వద్దు. నెలకోసారి ఫొటోలు ఎక్కించి బీరువాలో పెట్టేవాళ్లకు, రెండో కాపీ ఎక్కడైనా ఉంటే, ఇంత చవకలో ఇంత చోటు ఇంకెక్కడా దొరకదు. నెల్లూరులో మా అక్క పిల్లల ఫొటోల కోసం అడిగితే ఇదే రకం కొనిచ్చాను, కాకపోతే టైప్-సీ ఉన్నది చూసి. లోపల సాటా ఉందా, బోర్డు మీదే యూఎస్‌బీనా అని షాపులో అడిగాను. కౌంటర్లో కుర్రాడు డబ్బాను అటూ ఇటూ తిప్పి, "మూడేళ్ల వారంటీ ఉంది సార్" అన్నాడు.