బోరు నీళ్ల ఇంట్లో నిమ్మ ఉప్పు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మా ఇంట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వంటలోకంటే కుళాయిలకే ఎక్కువ ఖర్చవుతుంది. ఒంగోలులో ఉండేవాళ్లకు కారణం వేరే చెప్పక్కర్లేదు. సాగర్ కాలువ నీళ్లు వచ్చినప్పుడు పట్టుకుని తాగడానికి, వంటకు దాచుకుంటాం. స్నానాలు, బట్టలు, అంట్లు అన్నీ బోరు మీదే. ఆ నీళ్లు ఎక్కడ ఆరితే అక్కడ తెల్లగా సున్నం పడుతుంది.

ఇంతకుముందు బాత్రూమ్ యాసిడ్ తెచ్చేవాళ్లం. మరకతోపాటు కుళాయి మెరుపు కూడా పోయేది. టైల్స్ మధ్య వైట్ సిమెంట్ కొద్దికొద్దిగా లేచిపోయేది. ఆ ఘాటుకు మా అత్తయ్య హాల్లో కూర్చుని కూడా దగ్గేది. నిమ్మ ఉప్పుకు ఆ ఘాటు లేదు, ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు. ఈ ఒక్క కారణానికే నేను దాన్ని వదల్లేదు.

దాని మీద నాకు నిజంగా గురి కుదిరింది మాత్రం వాషింగ్ మెషిన్ దగ్గర. నీళ్లు సన్నగా దారంలా వచ్చేవి. డ్రమ్ము నిండేలోపే ఎర్రర్ చూపించి ఆగిపోయేది. మెకానిక్ వచ్చి, "వాల్వ్ పోయింది మేడం, కొత్తది వేయాలి" అని చెప్పి వెళ్లాడు. పార్ట్ వచ్చేదాకా బట్టలు చేత్తోనే ఉతకాలి. ఈలోగా మా ఆయన ప్లగ్ తీసేసి, కుళాయి కట్టేసి, వెనకాల పైపు మర విప్పి చూశారు. పైపు తగిలే చోట లోపల చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. దాని కన్నాలన్నీ సున్నంతో పూడిపోయి, జాలీ కాస్తా తెల్లటి బిళ్లలా ఉంది. పట్టకారుతో మెల్లగా లాగి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి అందులో వేశాం. వేసీ వేయగానే బుడగలు మొదలయ్యాయి. సున్నం కరిగేటప్పుడు గ్యాసు వస్తుంది, ఆ బుడగలు అవే. బుడగలు ఆగాక పాత టూత్ బ్రష్‌తో ఒకసారి తోమి బిగిస్తే నీళ్లు ధారగా పడ్డాయి. వాల్వ్ మార్చాల్సిన పనే రాలేదు. అందరి మెషిన్‌లోనూ జాలీయే కారణమని అనను, వాల్వ్ నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ డబ్బులు పెట్టే ముందు ఆ జాలీ ఒకసారి చూసుకోండి.

కుళాయిలకు పద్ధతి తేలిక. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాలు. పాత బనియన్ గుడ్డ అందులో తడిపి కుళాయికి చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి అరగంట ఉంచి కడిగేయాలి. షవర్‌కైతే ఆ నీళ్లున్న కవరునే రబ్బరు బ్యాండుతో తగిలిస్తే చాలు. నిమ్మ చెక్కతో రుద్దమని చాలామంది చెప్తారు. నిమ్మరసంలో ఉండే పులుపు నూటికి ఐదారు పాళ్లే, పైగా తొనల పిప్పి కుళాయి మర సందుల్లో ఇరుక్కుంటుంది. పొదలకూరు నుంచి మా చుట్టాలు సంచి నిండా కాయలు తెస్తే నేను ఊరగాయ పెట్టుకుంటాను, బాత్రూమ్‌కి ఇవ్వను. వంటసోడా కలిపి రుద్దడం కూడా దండగ. పొంగు చూడ్డానికి బాగుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, సున్నానికి మిగిలేది తక్కువ.

ఇక కడప బండల సంగతి. చీమకుర్తిలో మా అత్తయ్యవాళ్ల పాత ఇంట్లో పెరట్లో బట్టలుతికే చోట నల్లటి కడప బండ పరిచి ఉంది. షవర్ నానబెట్టిన నీళ్లు మిగిలితే అత్తయ్య పారబోయబుద్ధి కాక, బండ కూడా శుభ్రపడుతుందని దాని మీద పోసింది. ఆరాక చూస్తే నీళ్లు పారిన మేరా నునుపు పోయి బూడిదరంగు చారలు. ఎంత కడిగినా పోలేదు, ఎందుకంటే అవి అంటుకున్న మరకలు కావు. కడప బండ అంటేనే సున్నపురాయి. కుళాయి మీద ఏ సున్నాన్ని నిమ్మ ఉప్పు కరిగిస్తుందో, బండలో ఉన్నదీ ప్రధానంగా అదే. పాలరాయికీ ఇదే గతి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కి ఇంతగా కాకపోయినా, మా వంటింటి గట్టు మీద నేను చుక్క కూడా పడనివ్వను. మళ్లీ పాలిష్ పట్టించడం మాటలు కాదు.

ఘాటు లేదన్నాను గానీ, చేతి మీద చిన్న కోత ఉన్నా భగ్గున మండుతుంది, గ్లవ్స్ వేసుకోండి. చూడ్డానికి అచ్చం పంచదారలా ఉంటుంది కాబట్టి డబ్బా మీద పేరు రాసి పెట్టాలి. కెటిల్‌లో వేసినప్పుడు మరిగించొద్దు. బాగా వేడెక్కితే కరిగిన సున్నమే నిమ్మ ఉప్పుతో కలిసి మళ్లీ తెల్లటి ఇసుకలా అడుగున చేరుతుంది, అది ఒక పట్టాన వదలదు. గోరువెచ్చగా నానబెట్టి వెంటనే పారబోయాలి. అన్నిటికంటే ముఖ్యం, బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట దీన్ని పొరపాటున కూడా వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

ఇది శాశ్వత పరిష్కారమేమీ కాదు. నీళ్లు అవే కాబట్టి సున్నం మళ్లీ పడుతుంది. మా ఇంట్లో అన్నీ స్టీలు కుళాయిలు, మామూలు టైల్స్, పైగా రాత్రి పడుకునే ముందు పొడిగుడ్డతో కుళాయిలు తుడిచే అలవాటు నాకుంది కాబట్టి నెట్టుకొస్తున్నాం. ఏళ్ల తరబడి మచ్చ పట్టిన పాత అద్దం మీద మాత్రం దీనివల్ల పెద్దగా ఫలితం కనపడలేదు. కడప బండల బాత్రూమ్ ఉన్నవాళ్లు నన్నడిగితే, కుళాయి, షవర్ విప్పి బయట బకెట్‌లో నానబెట్టుకునే ఓపిక ఉంటేనే తెచ్చుకోమంటాను.