అప్పుకు పూచీయా, జీతానికి సాయమా: కష్టకాలంలో ఏది మేలు?

2020 వేసవిలో పంచాంగంలో ముహూర్తాలు ఉన్నాయి, పెళ్లిళ్లే లేవు. శుభలేఖలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సును ఊహించుకోండి, విజయవాడలోనో వరంగల్‌లోనో. ఎనిమిది మంది పనివాళ్లు, సగటున ఒక్కొక్కరికి నెలకు 12,000 రూపాయల జీతం, బ్యాంకులో పది లక్షల బాకీ. కరోనా లాక్‌డౌన్‌తో మార్చి 25న షట్టరు దించారు. నెల తిరిగేసరికి 96,000 రూపాయల జీతాలు ఇవ్వాలి, చేతిలో ఒక్క ఆర్డరూ లేదు. ఇలాంటి సమయంలో ప్రభుత్వం ఏదో ఒకటి చేయాలన్న దాంట్లో ఏ పార్టీకీ పేచీ లేదు. ఏం చేయాలన్న దగ్గరే మొదలవుతుంది గొడవ. యజమానికి అప్పు ఇప్పించాలా? పనివాళ్ల జీతంలో వాటా భరించాలా? ప్రెస్సు సంగతి వదిలేసి నేరుగా మనుషులకే పనో డబ్బో ఇవ్వాలా?

మన దగ్గర వీటన్నిటికంటే ముందు వచ్చింది హుకుం. మూతపడిన రోజులకు కూడా యజమానులు పూర్తి వేతనం చెల్లించాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఆదేశించింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నట్టు, ఖజానా నుంచి రూపాయి కదలకుండానే కార్మికులను ఆదుకున్న పేరు వచ్చేసింది. యజమానులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. మే 18 నుంచి ఆ ఆదేశం అమల్లో లేకుండా పోయింది. యజమానులపై కఠిన చర్యలు వద్దని, ఇరుపక్షాలూ మాట్లాడుకొని తేల్చుకోవాలని జూన్ 12న కోర్టు చెప్పింది. గల్లాపెట్టె ఖాళీగా ఉన్న చోట మాట్లాడుకోవడానికి ఏముంటుంది? అందుకే ఈ హుకుంను నేను పోటీలోకే తీసుకోవడం లేదు.

అప్పుకు పూచీ

మే 12న ప్రధాని 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. మరునాడు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ విప్పిన మూటలో పెద్దది చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం 3 లక్షల కోట్ల పూచీ రుణాలు. ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకుకు ఎంత బాకీ ఉంటే అందులో 20 శాతం దాకా కొత్త అప్పు ఇస్తారు. తాకట్టు అక్కర్లేదు. గడువు నాలుగేళ్లు, అందులో మొదటి ఏడాది అసలు కట్టనవసరం లేదు. బ్యాంకులు 9.25 శాతానికి మించి వడ్డీ వేయకూడదు. అప్పు మునిగితే నష్టం మొత్తం కేంద్రానిదే.

ఈ పథకానికి ఒక మంచి పేరు దక్కాల్సిందే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత బ్యాంకుల విషయంలో మనకు కొట్టిన పిండి. నూటికి నూరు శాతం పూచీ ఉండటంతో ఈసారి పూజారి వరాన్ని ఆపలేదు. పథకం పరిమితిని తర్వాత 4.5 లక్షల కోట్లకు, ఆపైన 5 లక్షల కోట్లకు పెంచి, 2023 మార్చి దాకా నడిపారు. దీనివల్ల 13.5 లక్షల ఖాతాలు మొండి బాకీలుగా మారకుండా నిలిచాయని, కోటిన్నర ఉద్యోగాలు మిగిలాయని స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం 2022 జనవరిలో అంచనా కట్టింది. ఖాతాల సంగతి నేను నమ్ముతాను. ఉద్యోగాల అంకె దగ్గర కాస్త ఆగుతాను. ఖాతా బతికింది కాబట్టి అందులో పనిచేసే వాళ్లంతా బతికినట్టే అనుకొని వేసిన లెక్క అది. అప్పు తీసుకున్నవాడు ఎవరినీ పనిలోంచి తీయకూడదన్న షరతు పథకంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు మన ప్రెస్సుకు రండి. పది లక్షల్లో 20 శాతం అంటే రెండు లక్షలు. అద్దె, కరెంటు, కాగితం వ్యాపారి బాకీ అన్నీ పక్కన పెట్టి ఆ డబ్బంతా జీతాలకే పోసినా రెండు నెలలు గడుస్తుంది. ఏడాది తర్వాత మూడేళ్ల పాటు నెలకు సుమారు 6,400 రూపాయలు కట్టాలి. ఇక్కడ అసలు ప్రశ్న వేరే ఉంది: పోయిన ఆర్డరు తిరిగి వస్తుందా? కారు విడిభాగాలు చేసేవాడికి ఆగిన ఆర్డరు ఆరు నెలలకు రావచ్చు. అలాంటివాడికి అప్పు సరైన మందే, ఎందుకంటే రేపటి రాబడిని ఇవాళే వాడుకుంటున్నాడు. శుభలేఖ అలా కాదు. యాభై మందికి మించి పిలవకూడదన్న నిబంధన మధ్య వాట్సాప్ పిలుపులతో జరిగిపోయిన పెళ్లికి మరుసటి ఏడాది ఎవరూ కార్డులు వేయించరు. ఆ రాబడి శాశ్వతంగా పోయింది. పోయిన రాబడిని అప్పుతో పూడిస్తే మిగిలేది అప్పే.

పైగా ఇది అప్పటికే బ్యాంకులో అప్పున్న వాళ్లకే. దేశంలో చిన్న, మధ్యతరహా సంస్థలు 6.3 కోట్లకు పైగా ఉన్నాయని 2015-16 నాటి జాతీయ నమూనా సర్వే చెబుతోంది. వాటిలో 99 శాతం అతి చిన్నవి. చేబదులుతోనో, నెలనెలా కట్టే చీటీపాటతోనో నడిచే దుకాణానికి, బాకీ లేకపోవడమే అనర్హత అయింది.

రాజకీయంగా మాత్రం పూచీ చాలా గిట్టుబాటు సరుకు. ప్రకటనలో 3 లక్షల కోట్లు కనబడుతుంది. మంత్రివర్గం దీనికోసం కేటాయించిన నిధి మాత్రం నాలుగు ఆర్థిక సంవత్సరాలకు కలిపి 41,600 కోట్లు. మొత్తం ప్యాకేజీలో నిజంగా ఖజానా నుంచి అదనంగా ఖర్చయ్యేది 1.86 లక్షల కోట్లు, అంటే జీడీపీలో ఒక శాతం కూడా లేదని కాంగ్రెస్ నేత, మాజీ ఆర్థిక మంత్రి చిదంబరం లెక్క చెప్పారు. అంతకుముందే రాహుల్ గాంధీతో సంభాషణల్లో రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ రఘురామ్ రాజన్ పేదల కోసం 65,000 కోట్లు కావాలని, నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ జనాభాలో అడుగున ఉన్న 60 శాతానికి డబ్బు చేర్చాలని అన్నారు. బ్రేకు మీద కాలు ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంధనం వృథా తప్ప బండి కదలదని ప్రభుత్వ ఆర్థిక సలహాదారుల వాదన. ఇది తీసిపారేసే మాట కాదు. దుకాణాలు మూసి ఉన్నప్పుడు చేతిలో డబ్బు పెట్టినా కొనేదేముంది? కానీ ఆ వాదన గిరాకీ పెంచడం గురించి. జీతం నిలబెట్టడం గిరాకీ కోసం మాత్రమే కాదు కదా, బియ్యం, అద్దె, మందుల కోసం కూడా.

జీతంలో వాటా

బ్రిటన్ ఈ దారి పట్టింది. 2020 మార్చి 20న అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్, ఇంటి దగ్గర కూర్చోబెట్టిన ఉద్యోగి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల పరిమితితో ప్రభుత్వమే ఇస్తుందన్నారు. మార్కెట్‌ను నమ్ముకున్న పార్టీ మంత్రి నోట ఆ మాట రావడం వాళ్లకే వింత. 2021 సెప్టెంబరు 30 దాకా నడిచిన ఈ పథకం 1.17 కోట్ల ఉద్యోగాలను తాకింది. ఖర్చు దాదాపు 7,000 కోట్ల పౌండ్లు. పథకం ఆగితే నిరుద్యోగం భగ్గుమంటుందన్న భయం నిజం కాలేదు.

దీని గొప్పతనమంతా ఒక్క విషయంలో ఉంది: మనిషికీ సంస్థకూ మధ్య తాడు తెగనివ్వదు. ఆఫ్‌సెట్ యంత్రం మీద రంగులు కలిపే చెయ్యి తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఆ మనిషి ఊరెళ్లి కూలి పనిలో కుదురుకుంటే, ప్రెస్సు తెరిచిన రోజున యంత్రం ఉంటుంది, నడిపేవాడు ఉండడు.

లోపాలూ ఉన్నాయి. ఎప్పటికైనా మూతపడే సంస్థలోనూ మనిషిని కట్టిపడేస్తుంది. ఎప్పుడు ఆపాలన్నది నేతలకు తేలదు. 2020 అక్టోబరు 31తో ఆపుతున్నామని, బదులుగా చిన్న పథకం తెస్తున్నామని చెప్పి, సరిగ్గా ఆ రోజే పొడిగించారు. ఈలోపు ఆపుతారన్న మాట నమ్మి మనుషులను తీసేసిన సంస్థలకు, తీసేయబడ్డ మనుషులకు ఎవరు జవాబుదారీ?

జర్మనీకి ఇది కొత్త కాదు. పనిగంటలు తగ్గించి, పోయిన వేతనంలో 60 శాతం, పిల్లలున్న వాళ్లకు 67 శాతం ఇచ్చే ఏర్పాటు వాళ్లకు ఎప్పటినుంచో ఉంది. 2009లో ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. ముందే తవ్వి ఉంచిన బావి అది. మనం ఇల్లు అంటుకున్నాక గునపం వెతుక్కుంటాం.

అమెరికా రెండింటినీ కలిపి చూసింది. అప్పు ఇస్తాం, అందులో ఎక్కువ భాగం జీతాలకు వాడితే అప్పు మాఫీ అంది. మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు రెండు వారాలు కూడా నిలవలేదు. మొత్తం సుమారు 80,000 కోట్ల డాలర్లయింది. లేకపోతే ఉద్యోగం పోయేదన్న వాళ్లకు అందులో చేరింది పావు వంతు నుంచి మూడో వంతు మాత్రమేనని, మిగిలింది యజమానులకు, వాటాదారులకు, అప్పులవాళ్లకు పోయిందని ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ బృందం లెక్కగట్టింది. అవసరం ఉన్నవాడినీ లేనివాడినీ వేరు చేసే తీరిక, యంత్రాంగం లేకపోవడమే కారణం. వాళ్ల నిరుద్యోగం అప్పటికే దాదాపు 15 శాతానికి ఎగబాకింది.

బ్రిటన్‌కు కుదిరింది మనకెలా కుదురుతుందన్నది ఇక్కడ ఎప్పుడూ వినపడే అభ్యంతరం. అక్కడ ప్రతి జీతం పన్ను శాఖ రికార్డులో ఉంటుంది, మన దగ్గర నూటికి తొంభై మంది అసంఘటిత రంగంలోనే అంటారు. నిజమే. కానీ ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. మన దగ్గరా ఒక గొట్టం ఉంది, పీఎఫ్. వంద మంది లోపు సిబ్బంది ఉండి, వాళ్లలో 90 శాతం మందికి 15,000 లోపు జీతం ఉన్న సంస్థలకు యజమాని, ఉద్యోగి పీఎఫ్ వాటాలు రెండూ కలిపి 24 శాతం ప్రభుత్వమే కట్టింది. ఆ లెక్కన 3.67 లక్షల సంస్థలు, 72 లక్షల మంది ఉద్యోగులు ఉన్నారని ప్రభుత్వమే చెప్పింది. అంటే పేర్లున్నాయి, ఖాతాలున్నాయి, సంస్థతో ముడీ ఉంది. జీతం అందుతుంటేనే పీఎఫ్ కట్టేది. జీతమే ఆగిన చోట ఈ సాయానికి విలువెంత? అదే గొట్టంలోంచి ఒక్కొక్కరికి నెలకు 7,500 చొప్పున మూడు నెలలు పంపి ఉంటే? నా లెక్కకు 16,200 కోట్లు అవుతుంది. పూచీ కోసం పక్కన పెట్టిన 41,600 కోట్లలో సగం కూడా కాదు. గొట్టం వేసి ఉంది, నీళ్లు చుక్కలుగా వదిలారు.

నేరుగా మనిషికి

ఉపాధి హామీ విషయంలో ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. కాంగ్రెస్ వైఫల్యానికి స్మారక చిహ్నంగా దాన్ని అలాగే ఉంచుతానని 2015లో లోక్‌సభలో అన్న ప్రధాని ప్రభుత్వమే, 2020 బడ్జెట్‌లోని 61,500 కోట్లకు మరో 40,000 కోట్లు జోడించింది. ఆ ఏడాది సుమారు 389 కోట్ల పనిదినాలు నడిచాయి. తెలుగు రాష్ట్రాల్లో అప్పుడు రోజు కూలి 237 రూపాయలు. అడిగినవాడికి పని, మధ్యలో యజమానీ లేడు, బ్యాంకు మేనేజరూ లేడు. కానీ అది పల్లెకే. ప్రెస్సులో రంగులు కలిపే మనిషి ఊరికి వెళ్తేనే దొరుకుతుంది, వెళ్లాక తట్ట మోయాలి.

ఆ ఏడాది తెలంగాణలో బడులు మూతపడి ప్రైవేటు టీచర్లు కూలి పనులకు వెళ్లడం మనం చూశాం. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మొత్తం చిన్నదే, పైగా ఏడాది ఆలస్యం. అయినా ఆ ఏర్పాటు నాకు నచ్చింది. బడి జాబితా ఆధారంగా మనిషిని గుర్తించారు, డబ్బు మాత్రం యాజమాన్యానికి కాకుండా మనిషికే ఇచ్చారు. జాబితా ఉంటే ఇక్కడా చేయవచ్చని తేలింది కదా.

ఆంధ్రప్రదేశ్‌ది మరో దారి. 2020 మే నెలలో చిన్న పరిశ్రమలకు సుమారు 1,100 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో సింహభాగం గత ప్రభుత్వ కాలం నుంచి పేరుకుపోయిన ప్రోత్సాహకాల బకాయిలు. ఇవ్వాల్సినది ఇచ్చి సాయమనడం ఏమిటని ఎవరైనా నవ్వవచ్చు. నేను నవ్వను. చిన్న పరిశ్రమకు పాత బిల్లు చేతికి రావడం కొత్త అప్పుకంటే ఎన్నో రెట్లు మేలు, దానికి వడ్డీ లేదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా మొదటి వారంలోనే చేయగలిగిన పని ఇది.

సిరిసిల్ల మగ్గాల లాగా ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారై ఆర్డరివ్వడం ఇంకో పద్ధతి. 2017 నుంచి బతుకమ్మ చీరలు అక్కడి సాంచాలను ఏళ్ల తరబడి నడిపాయి. మాంద్యంలో అక్కరకు వస్తుంది, కానీ ప్రభుత్వం మారి ఆర్డరు ఆగితే ఏమవుతుందో 2024లో సిరిసిల్ల చూసింది. పన్ను రాయితీల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు: లాభం లేనివాడికి లాభం మీద పన్ను తగ్గించి ప్రయోజనమేమిటి?

నన్ను వరుస చెప్పమంటే ఇలా చెబుతాను. మొదట బకాయిలు. తర్వాత, పీఎఫ్ ఉన్న చోట జీతంలో సగం, గడువు ముందే చెప్పి, డబ్బు ఉద్యోగి ఖాతాకే. ఆర్డరు ఆగిందే తప్ప పోలేదన్న సంస్థలకు పూచీ రుణం. ప్రభుత్వం ఈ వరుసను తలకిందులు చేసింది. నా లెక్కలో చివరన ఉండాల్సినదాన్ని నెత్తిన పెట్టుకుంది.

ఈ వరుసలోనూ మన ప్రెస్సు పడదు. పీఎఫ్ చట్టం వర్తించేది ఇరవై మంది పనివాళ్లున్న సంస్థల నుంచి. ఎనభై మంది కుట్టుమిషన్ల మీద కూర్చునే బట్టల యూనిట్‌కు నా లెక్క సరిపోతుంది, ఎనిమిది మందికి కాదు. ఆ తర్వాత రెండు జాబితాలు తయారయ్యాయి. 2020 జులైలో సంస్థల కోసం ఉద్యమ్ నమోదు, 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్. ఒకదాంట్లో ప్రెస్సు ఉంటుంది, ఎంతమంది పనిచేస్తారో యజమాని చెప్పిన అంకె ఉంటుంది. రెండోదాంట్లో పనివాడి పేరు, వృత్తి, బ్యాంకు ఖాతా ఉంటాయి. ఏ మనిషి ఏ ప్రెస్సులో పనిచేస్తున్నాడో రాసి ఉన్నది మాత్రం యజమాని సొరుగులోని జీతాల పుస్తకంలోనే.