రోజూ పావుగంటా, వారానికి రెండు గేమ్స్ పీరియడ్లా: చిన్న క్లాసులకు ఏది మేలు?

ప్రైమరీ స్కూల్లో టైమ్‌టేబుల్ వేసే ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు పెట్టి పీఈటీకి, అంటే ఆటల టీచరుకు, అప్పజెప్పాలా? లేక రోజూ ఓ పావుగంట క్లాస్ టీచరే పిల్లలను బయటికి తీసుకెళ్లాలా? ఇంటర్వెల్‌లో ఎలాగూ ఆడుకుంటారుగా, అది చాలదా అనేవాళ్లూ ఉంటారు. మూడూ ఉంటే అంతకన్నా కావలసిందేముంది? కానీ సమయమూ మనుషులూ తక్కువైనప్పుడు ముందు దేన్ని నిలబెట్టాలన్నదే చిక్కు.

ముందు నిమిషాల లెక్క చూద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే వారానికి 420 నిమిషాలు. 40 నిమిషాల పీరియడ్లు రెండైతే 80. పీరియడ్‌లో సగం సేపైనా పిల్లలు గట్టిగా కదలాలన్నది మంచి పాఠానికి పెట్టుకునే గురి. అది అందుకున్నా చేతికొచ్చేది వారానికి 40 నిమిషాలే. రోజూ పావుగంట అయితే ఐదు రోజులకు 75, అదీ దాదాపు మొత్తం కదలికే.

ఈ పావుగంటకు పేరు తెచ్చింది స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ పట్టణం. 2012లో అక్కడ ఎలెయిన్ వైలీ అనే హెడ్ టీచర్, తన బడి పిల్లలు కాస్త పరుగెత్తితేనే అలసిపోవడం చూసి, రోజూ 15 నిమిషాలు బయట తిప్పడం మొదలుపెట్టారు. అదే తర్వాత ‘డైలీ మైల్’ అయింది. బట్టలు మార్చుకోనక్కర్లేదు, సామాను అక్కర్లేదు, పోటీ లేదు. పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతారు, ఆయాసమొస్తే కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. అలా చేసిన బడినీ చేయని బడినీ పోల్చి 2018లో ఒక పరిశోధన వచ్చింది. చేసిన బడి పిల్లల్లో దమ్ము పెరిగింది, ఒంట్లో కొవ్వు తగ్గింది. చూసింది రెండు బడులనే, నిజమే. అయినా ఇంత తేలికైన పనికి అది చిన్న ఫలితం కాదు.

మరి పీఈటీ అక్కర్లేదా? కావాలి, తప్పకుండా కావాలి. పరుగు వల్ల దమ్ము వస్తుంది కానీ బంతి పట్టడం రాదు. రెండో క్లాసు పాప వైపు బంతి విసిరి చూడండి. మొహం పక్కకు తిప్పుకుంటుంది, కళ్లు మూసుకుంటుంది, రెండు చేతులతో గుండెకు హత్తుకోబోతుంది, ఈలోగా బంతి జారిపోతుంది. ఆ పాపకు కావలసింది “సరిగ్గా పట్టు” అనే కేక కాదు. ముందు బెలూన్ ఇవ్వాలి. అది మెల్లగా దిగుతుంది కాబట్టి కళ్లు తెరుచుకునే ఉంటాయి. తర్వాత మెత్తటి గుడ్డ బంతి, ఆ తర్వాత అసలు బంతి. విసరడమూ అంతే. చాలామంది చిన్నపిల్లలు కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేస్తారు. ఎడమకాలు ముందు పెట్టించి చూడండి, బంతి ఎంత దూరం పోతుందో! వయసు పెరిగితే ఇవి వాటంతటవే వస్తాయనుకోవడం పొరపాటు. నేర్పితేనే వస్తాయి. రాని పిల్లలు నాలుగో క్లాసుకల్లా “నాకు ఆటలు రావు” అని గట్టు మీద కూర్చుండిపోతారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

అయితే పీరియడ్ ఉన్నంత మాత్రాన పాఠం జరిగినట్టు కాదు. 30 మంది, ఒకే బంతి, ఒకే లైను అనుకోండి. ఒక్కొక్కరికి 10 సెకన్లు పడితే రౌండు పూర్తయ్యేసరికి 5 నిమిషాలు. 25 నిమిషాల్లో ఒక్కో పిల్లకు 5 ఛాన్సులు, అంటే 50 సెకన్ల ఆట. మిగతాదంతా నిలబడటమే. అదే 6 బంతులతో ఐదేసి మంది జట్లు చేస్తే ఒక్కొక్కరికి 30 ఛాన్సులు వస్తాయి. ఔటైనవాళ్లు పక్కన కూర్చునే ఆటలదీ ఇదే రోగం. ఎవరికి ప్రాక్టీస్ ఎక్కువ కావాలో వాళ్లే ముందు కూర్చుంటారు.

ఇంటర్వెల్ సంగతి వేరు. అది పిల్లల సొంత సమయం, అలాగే ఉండనివ్వాలి. చురుకైనవాళ్లు అందులో ఎగిరి గంతులేస్తారు, బిడియపడేవాళ్లు గోడకు ఆనుకుని నిలబడతారు. కాబట్టి అందరికీ కదలిక అందుతుందన్న భరోసా దాని మీద పెట్టుకోలేం. హోంవర్క్ చేయలేదని ఇంటర్వెల్ కోసేయడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

నన్నడిగితే, పీఈటీ లేని బడి రేపటి నుంచే పావుగంట మొదలుపెట్టాలి, అదీ రోజూ ఒకే టైముకు. “వీలైనప్పుడు” అని వదిలేస్తే పరీక్షలు దగ్గరపడగానే మొదట ఎగిరిపోయేది అదే. పీఈటీ ఉంటే ఆ రెండు పీరియడ్లను ముందు ఒకటి నుంచి మూడు క్లాసులకు ఇవ్వాలి. చాలాచోట్ల పోటీలకు వెళ్లే పెద్ద క్లాసులకే ఆయన సమయమంతా పోతుంది. ఆ పీరియడ్‌లో రౌండ్లు కొట్టించడం కూడా ఆపేయాలి. పరుగుకు పావుగంట ఎలాగూ ఉంది. పట్టడం, విసరడం, దూకి రెండు కాళ్ల మీద దిగడం, ఒంటికాలిపై నిలవడం నేర్పడానికి ఆయనకు దొరికేది ఆ 80 నిమిషాలే.