నడుము దగ్గర్నుంచా, కంటి ముందు నుంచా: ఏది మేలు?

పాతకాలం పోలీసు రివాల్వర్ గురించి ఎప్పుడు రాసినా అడిగేది ఇదే. సైట్లు (గురి కుదుర్చుకోడానికి తుపాకీ పైన ఉండే గుర్తులు) చూడకుండా నడుము దగ్గర్నుంచే పేల్చడం మేలా, గొట్టం కొసనుండే ఫ్రంట్ సైట్ మీద కన్ను నిలిపి పేల్చడం మేలా?

మొదటి పద్ధతికి పెద్దదిక్కు ఫెయిర్‌బెయిర్న్ అనే బ్రిటిష్ పోలీసు అధికారి. 1907లో షాంఘై మున్సిపల్ పోలీసులో చేరాడు (మన సిక్కులు వందల్లో పనిచేసిన దళమే). చీకటి సందులో, నాలుగడుగుల్లో ఎదురుపడితే ఎవడైనా తనకు తెలియకుండానే వంగుతాడు, పిడిని నలిపేస్తాడు. కాబట్టి నేర్పేదీ దానికి తగ్గట్టే నేర్పాలన్నాడు: ఒంటిచేత్తో, వేలెట్టి చూపినట్టు, వెంటవెంటనే రెండు తూటాలు. కోల్ట్ పిస్టళ్ల సేఫ్టీని (తూటా పేలకుండా ఆపే మీట) పేలే స్థితిలోనే ఉండి కదలకుండా పిన్ను కొట్టించేశాడు. ఛాంబర్ (పేలే తూటా కూర్చునే గది) ఖాళీగా ఉంచి, ఒరలోంచి తీయగానే తూటాను అందులోకి ఎక్కించే పైభాగం, అంటే స్లైడు, లాగడమే. కంగారులో బొటనవేలు మీట కోసం తడుముకునే పనే లేదు. అలాగని దూరానికి సైట్లు వద్దనలేదు, ఇది చాలామంది మర్చిపోతారు. అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా చాలా ఏళ్లు ఏడు గజాల దగ్గర వంగి నడుము నుంచి పేల్చడమే నేర్పింది.

రెండో పద్ధతి లాస్ ఏంజెలెస్ కౌంటీ డిప్యూటీ షెరిఫ్ జాక్ వీవర్‌ది. 1950ల చివర్లో పోటీల్లో అందరూ నడుము నుంచి గబగబా పేల్చి తప్పుతుంటే, ఈయన రెండు చేతులతో కంటి ముందుకు ఎత్తి గెలిచాడు. పోటీ వేరు, ప్రాణాపాయం వేరు అంటారా? న్యూయార్క్ పోలీసుల స్టేకౌట్ దళంలో (దొంగల కోసం మాటు వేసే దళం) ఉన్న జిమ్ సిరిల్లో, తన మొదటి కాల్పుల్లో ఫ్రంట్ సైట్ మీది గీతలు కూడా స్పష్టంగా కనిపించాయని చెప్పుకున్నాడు.

ఆ దళం మాటు వేసింది కొట్ల వెనక గదుల్లో. ముందు దొంగ, పక్కనే గల్లాపెట్టె దగ్గర యజమాని, సరుకు కొనడానికొచ్చినవాళ్లు. నా దృష్టిలో తేల్చేది ఇదే: తప్పిన తూటా ఎవరికి తగులుతుంది? సైనికుడికి ఈ ప్రశ్న తక్కువ, పోలీసుకి ప్రతి తూటాకీ ఉంటుంది. మొన్న ఎయిర్ పిస్టల్‌తో ఐదు మీటర్ల నుంచి సైట్లు చూడకుండా కొట్టి చూశాను. పదిలో నాలుగు పెల్లెట్లు కాగితానికే తగల్లేదు. భయం లేదు, తొందరా లేదు, అయినా అంతే.

ఇక రెండు చేతులతో పట్టుకున్నాక వీవర్‌లా మోచేయి వంచాలా, రెండు చేతులూ సూటిగా చాచాలా అన్న గొడవంటారా, ఒంటికి ఏది కుదిరితే అది.

ఎదుటివాడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరుంటే మాత్రం పిస్టల్ ముందుకు చాచడం వాడి చేతిలో పెట్టడమే. అక్కడ నడుమే దిక్కు. రెండడుగులు వెనక్కి జరగగలిగితే నేను వీవర్ పక్షం.