ఇరాన్ పిల్లల సినిమాలు: బూట్ల కథా, నోటుబుక్కు కథా?

ఇరాన్ సినిమాల్లో బాల్యం ఎలా ఉంటుందో చూడాలంటే నేను ముందు చెప్పేవి రెండు: మజీద్ మజీదీ తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ (1997), అబ్బాస్ కియరోస్తమీ తీసిన ‘వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్?’ (1987).

మజీదీ సినిమాలో చెల్లి బూట్లు పోగొట్టిన అలీ తన బూట్లనే ఆమెతో పంచుకుంటాడు. బడి వదలగానే ఆ పిల్ల సందుల్లో పడి పరుగెత్తుకొస్తుంది, అవే తొడుక్కుని వాడు బడికి పరుగెడతాడు. పేదరికం ఉన్నా ఇంట్లో ప్రేమకు కొదవ లేదు. కళ్లు చెమర్చకుండా చూడలేం.

కియరోస్తమీ అంత తేలిగ్గా ఏడిపించడు. పొరపాటున తన దగ్గరికి వచ్చిన స్నేహితుడి నోటుబుక్కు ఇచ్చెయ్యాలని అహ్మద్ పక్క ఊరికి పరుగెడతాడు. లేకపోతే ఆ పిల్లాణ్ణి బడిలోంచి తీసేస్తారని వాడి టెన్షన్. ఎంత మొత్తుకున్నా అమ్మ ‘హోంవర్క్ చెయ్’ అంటుంది. తాతయ్యైతే తన దగ్గర సిగరెట్లున్నా, చెప్పిన మాట వినడం నేర్పాలని వాణ్ణి సిగరెట్లు తెమ్మని పంపిస్తాడు! పెద్దవాళ్లు వినిపించుకోకపోవడమే ఇక్కడ అసలు కష్టం. నాకు ఇదే ఎక్కువ నిజమనిపిస్తుంది.

పిల్లలతో కలిసి చూడ్డానికి మజీదీ సినిమా పెట్టండి. కియరోస్తమీది మాత్రం తల్లిదండ్రులు, టీచర్లు తప్పక చూడాలి.